సిద్ధార్థ్ శుక్లా గురించి ఒక మాట

అక్కలూ, వదినలూ,

ఇవాళ సెప్టెంబర్ 2. టీవీ నటుడు సిద్ధార్థ్ శుక్లా 2021లో ఇదే రోజున ముంబైలో పోయాడు. 40 ఏళ్లే. మన బ్రాడీపేటలో చాలామందికి ఆయన ‘చిన్నారి పెళ్లికూతురు’ సీరియల్‌లో కలెక్టర్‌గానే తెలుసు. తర్వాత హిందీ బిగ్ బాస్ 13 గెలిచాడు.

పొద్దున ఎవరో “ముక్కూమొహం తెలియని వాడి కోసం ఏడుపేంటి” అన్నారు. దయచేసి అలా అనొద్దు. బిగ్ బాస్‌లో దాదాపు 140 రోజులు రోజూ రాత్రి అన్నం కంచం ముందు పెట్టుకుని చూసిన మనిషి. నిద్రమొహంతో ఉంటే చూశాం, కోపంతో ఊగిపోతుంటే చూశాం. ఆయనకి మనం తెలియదు, నిజమే. కానీ మన బాధ ఉత్తది కాదు. పైఫ్లాటు పిన్నిగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఫోన్‌లో పాత ఎపిసోడ్ చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే నాకూ గొంతు పట్టేసింది.

అంత్యక్రియల వీడియోలు, ఆయన వాళ్ల ఏడుపులు ఇక్కడ పెట్టకండి. ఎందుకు పోయాడన్న పుకార్లూ వద్దు. ఆయన నవ్వినవి ఉంటే పెట్టండి.

ఎవరికైనా నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా మొహమాటపడకుండా నాకు ఫోన్ చేయండి. లేదంటే మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేయండి. ఫ్రీనే, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.