‘పడదు’ అని చెప్పే పిల్లల కోసం: ఆహార భద్రత శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

నాకు ఇద్దరు పిల్లలు. పదేళ్ల బాబుకి గోధుమ పడదు, ఏడేళ్ల పాపకి పాలు పడవు. ఇంట్లో ఉన్నంతసేపూ ఇది మాకు పెద్ద సమస్య కాదు. ఏ డబ్బాలో ఏముందో, ఏ గరిటె దేనికి వాడాలో ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. గుమ్మం దాటితేనే దిగులు. ప్రయాణమైనా, ఆసుపత్రికి వెళ్లినా, బడివాళ్లు విహారయాత్రకు తీసుకెళ్లినా నా మొదటి ఆలోచన ఒక్కటే: అక్కడ వీళ్లకి ఏం పెట్టాలి?

‘పడదు’ అంటే చాలామంది ‘ఇష్టం లేదు’ అనుకుంటారు. ఇంకొందరు గారాబం అనుకుంటారు. అందుకే లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పనివ్వండి. పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ మా పాప చిన్నపేగులో చాలినంత తయారు కాదు. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. కడుపు ఉబ్బుతుంది, మెలిపెట్టే నొప్పి వస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. బాబుది సీలియాక్ వ్యాధి. వైద్యుల లెక్కలో ఇది వేరే కోవ: గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళ్తే శరీర రక్షణ వ్యవస్థ సొంత పేగు మీదే తిరగబడుతుంది. తిండిలోని సారాన్ని పీల్చుకునే పేగు లోపలి పొర దెబ్బతింటుంది. పిల్లాడు తింటూనే ఉంటాడు, ఒంటికి మాత్రం పట్టదు. దీనికున్న చికిత్స జీవితాంతం గ్లూటెన్ ముట్టకుండా ఉండటమే. జబ్బులు వేరైనా, బయట తినేచోట నేను అడగాల్సిన ప్రశ్న ఇద్దరికీ ఒకటే: ఇందులో ఏం వేశారు?

ఆ ప్రశ్నకు సరైన జవాబు రాకపోవడానికి నాకు కనిపించిన కారణం ఒకటుంది. వేరుశనగ అలర్జీ తీవ్రంగా ఉన్న పిల్లాడు పొరపాటున అది తింటే, చాలాసార్లు నిమిషాల్లోనే గొంతు వాస్తుంది, ఊపిరి అందదు. అక్కడున్న అందరూ చూస్తారు, వండినాయన కూడా చూస్తాడు. మా పాప నొప్పి సాధారణంగా అరగంట నుంచి రెండు గంటల మధ్యలో మొదలవుతుంది. అప్పటికి మేం చేతులు కడుక్కుని, డబ్బులిచ్చి వెళ్లిపోయి ఉంటాం. వడ్డించిన చేతికి ఆ నొప్పి ఎప్పటికీ కనిపించదు. పైగా మళ్లీ అక్కడికే వెళ్తే, ‘పోయినసారి తిన్నారుగా, ఏం కాలేదుగా’ అంటారు. వాళ్లు చూసినంతవరకు అది నిజమే మరి.

ఓసారి బస్సు ఆగినచోట పాపకి కూరగాయల సూప్ తీసుకున్నాను. పాలు, వెన్న ఏమైనా వేశారా అని రెండుసార్లు అడిగాను. లేదమ్మా అన్నాడు వడ్డించే అబ్బాయి. గంటన్నర తర్వాత, కదులుతున్న బస్సులో, దగ్గర్లో ఆగే చోటు లేని దారిలో పాప కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. ఆ తర్వాత జరిగింది రాయను, అది దాని పరువు. కొన్ని నెలలపాటు బయట ఏదీ ముట్టలేదు. మంచినీళ్లు ఇచ్చినా ముందు నా మొహంలోకి చూసేది.

మర్నాడు అక్కడికి ఫోన్ చేశాను. యజమాని మర్యాదగానే మాట్లాడారు. లోపలికి వెళ్లి సూప్‌లో కలిపే పొడి ప్యాకెట్ తెచ్చి చదివారు. ‘పాలపొడి అని రాసే ఉందమ్మా, మేమే చూడలేదు’ అన్నారు. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసింది చెప్పాడు.

మంత్రి గారూ, నా బాధంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. సమాచారం ఉంది. తయారుచేసినవాళ్లు ప్యాకెట్ మీద అచ్చు వేశారు. అది వంటగది దాకా వచ్చి, ప్యాకెట్‌తోపాటే చెత్తబుట్టలో పడిపోయింది. ప్యాకెట్ కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు అందే రక్షణ, అదే పొడితో వండిన గిన్నె ముందు కూర్చున్న పిల్లకు అందలేదు.

ఆ కాస్త దూరం కలపడం అసాధ్యమేమీ కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2011లో చేసిన చట్టం 2014 డిసెంబర్ 13 నుంచి అమల్లోకి వచ్చింది. విడిగా వండి వడ్డించే తిండికి కూడా 14 రకాల పదార్థాల వివరం చెప్పి తీరాలి. గ్లూటెన్ ఉన్న గింజలు, పాలు, గుడ్లు, సోయా, నువ్వులు, వేరుశనగ, చేపలు అన్నీ అందులో ఉన్నాయి. నేను అడిగేది కూడా అదే: వడ్డించే ప్రతిచోటా ఒక కాగితం. ఏ వంటకంలో ఏమున్నాయో, కొన్న పొడులు, సాస్‌ల లోపల ఉన్నవాటితో సహా రాసిపెట్టాలి. సోయా సాస్‌లో చాలావరకు గోధుమ ఉంటుంది, మాల్ట్ అంటే ఎక్కువగా బార్లీయే. ఇవి వంటవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. పొడి బ్రాండు మారిన రోజే కాగితమూ మారాలి. చిన్న దుకాణమైతే చేతిరాత చాలు.

వేయించే నూనె సంగతి కూడా ఆ కాగితంలో ఉండాలి. గోధుమపిండి పూత పూసినవి వేయించిన నూనెలోనే బంగాళాదుంప ముక్కలు వేస్తే అవి మా బాబుకి పనికిరావు. ఎంత మరిగినా గ్లూటెన్ పోదు. కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటితే దాన్ని గ్లూటెన్ రహితం అనకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ నియమం. ‘కొంచెమేగా’ అన్న మాట దగ్గర నేను ఎందుకు బిగుసుకుపోతానో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త. నిబంధన వస్తే శిక్షకు భయపడి ‘అన్నీ ఉండవచ్చు’ అని బోర్డు పెట్టేసేవాళ్లుంటారు. అది మాకు తలుపు మూసేయడమే. అమెరికాలో 2023 నుంచి ప్యాకెట్ల మీద నువ్వుల పేరు తప్పనిసరి చేస్తే, యంత్రాలు శుభ్రం చేసుకోవడం కష్టమని కొన్ని బ్రెడ్ కంపెనీలు కావాలనే నువ్వులపిండి కలిపి, ఉంది అని రాసేశాయి. అంతకుముందు ఆ బ్రెడ్ తిన్న పిల్లలకు అదీ లేకుండా పోయింది. దయచేసి అలాంటి సందు వదలకండి. దానికి బదులు ‘నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను’ అనే ధైర్యం వడ్డించేవాళ్లకు ఇవ్వండి. తెలియదు అన్నవాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. మరోచోట చూసుకుంటాను.

మొదట సర్కారీ వంటగదులతో మొదలుపెట్టండి. ఆసుపత్రులు, హాస్టళ్లు, బడి భోజనం. అక్కడ తినేవాళ్లకు వేరే చోటు చూసుకునే వీలు తక్కువ.

ఇంకొకటి. ఇంత అడిగినా దొరకనిచోట ఇంటి డబ్బాయే మాకు దిక్కు. కానీ బయటి తిండి తేకూడదన్న నియమం చాలాచోట్ల ఉంది. ఒక పార్కు గేటు దగ్గర మా సంచి విప్పించి, జబ్బు ఉన్నట్టు కాగితం చూపించమన్నారు. వెనక జనం వరుసలో ఉన్నారు. ‘డబ్బా ఇక్కడే వదిలేద్దాం అమ్మా, నాకు ఆకలి లేదులే’ అన్నాడు బాబు. పొద్దున ఆరింటికి తిన్న పిల్లాడు! పిల్లల కోసం తెచ్చిన డబ్బాను ఏ గేటు దగ్గరా ఆపకూడదని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఆ కాగితం నమూనా తయారుచేసేటప్పుడు మాలాంటి తల్లిదండ్రులను ఒక్కరోజు పిలిపించండి. ఆకలేస్తున్న పిల్లను చంకనెత్తుకుని కౌంటర్ ముందు నిలబడి చదవాల్సింది మేమే. అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలో, ఏ పదం ముందు రావాలో మేం చెప్పగలం. ఎప్పుడు పిలిచినా వస్తాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి