మనవడి యంత్రాలు, మా ఇంటి కరెంటు, బడిలో ఒక తాళం

సంపాదకులకు నమస్కారం.

బాల శాస్త్రవేత్తల గురించి మీ జిల్లా పేజీల్లో తరచుగా వచ్చే వార్తలను నేను శ్రద్ధగా చదువుతాను. తొమ్మిదో తరగతి కుర్రవాడు ఏదో ఒక యంత్రాన్ని చేతిలో పట్టుకుని నిలబడి ఉంటాడు, పక్కన ప్రధానోపాధ్యాయులు, సర్పంచ్ ఉంటారు, పైన చిచ్చరపిడుగు అనే మాట తప్పకుండా ఉంటుంది. ఆ యంత్రం ఫొటోకు ముందు ఎన్నిసార్లు చెడిందో, చెడిన రోజుల్లో ఆ ఇంటివారు ఏం పడ్డారో మాత్రం ఏ వార్తలోనూ కనిపించదు. అలాంటి కుర్రవాడు మా ఇంట్లోనూ ఒకడున్నాడు కనుక ఆ లోటును కొంత తీర్చగలననుకుంటున్నాను. విద్యుత్ శాఖలో 32 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. నా మాటల్లో చాదస్తం కనిపిస్తే అది ఉద్యోగం అంటించినదని మన్నించాలి.

మా మనవడు మొదట చేసినది ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు. డాబా మీది ట్యాంకులోకి రెండు రాగి తీగలు వేలాడదీశాడు. నీరు పైకి వచ్చి రెండింటినీ తాకగానే వాటి మధ్య స్వల్పంగా కరెంటు పారుతుంది, చిన్న బోర్డు దానిని పసిగట్టి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) ద్వారా మోటారును ఆపుతుంది. రెండు వారాలు అది చక్కగా పనిచేసింది, మా కోడలు పుట్టింటివారందరికీ ఫోన్లు చేసి చెప్పింది. అయితే నీటిలోని తీగల మధ్య ఎప్పుడూ ఒకే దిశలో కరెంటు పారుతుంటే, ధన ధ్రువానికి కలిపిన తీగ కొద్దికొద్దిగా కరిగిపోతుంది. మా బోరు నీటిలో ఉప్పదనం ఉండటం వల్ల ఆ పని మరింత తొందరగా జరిగింది. తీగ తెగిన రాత్రి బోర్డు లెక్కలో ట్యాంకు ఎంతకీ నిండలేదు. మోటారు తెల్లవార్లూ నడిచింది. డాబా మీదినుంచి పొంగిన నీరు పక్కనున్న రేకుల షెడ్డులోకి దారి చేసుకుని, అమ్మకానికి సిద్ధంగా ఉంచిన దాళ్వా ధాన్యంలో తొమ్మిది బస్తాలను తడిపేసింది. రెండు రోజులపాటు రోడ్డు మీద బరకాలు పరిచి ఆ ధాన్యాన్ని ఎండబెడుతూ నా భార్య మనవడిని అన్న మాటలు పత్రికలో అచ్చు వేయదగినవి కావు.

రెండోది చప్పట్లు కొడితే వెలిగి, మళ్లీ కొడితే ఆరిపోయే స్విచ్చు. హాల్లోని లైటుకూ ఫ్యానుకూ కలిపి దానిని అమర్చాడు. శనివారం భజనలో చిడతలు మోగినంతసేపూ దేవుడి పటాల ముందు దీపావళి జరిగిందంటే సరదాగానే ఉంటుంది. మా వియ్యంకుడుగారు వచ్చిన రోజున మాత్రం తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. ఆయన భోజనం చేసి హాల్లో నడుం వాల్చారు. కిటికీ పక్కన గెల పడినప్పుడల్లా ఫ్యాను ఒకసారి ఆగేది, మరోసారి తిరిగేది. ఆయన కరెంటు కోతలనుకుని, ఉద్యోగం చేసిన పాపానికి నన్నే దీర్ఘంగా ప్రశ్నించారు. చప్పట్లకూ కొబ్బరి గెలకూ తేడా తెలియని మైకును ఎలా సరిచేయాలో మా మనవడికి ఇప్పటికీ తేలలేదు. వరుసగా రెండు చప్పట్లు నిర్ణీత వ్యవధిలో వినబడితేనే పనిచేసేలా చేస్తానంటున్నాడు, మేము వాయిదా వేస్తున్నాము.

కోళ్ల గూటి తలుపు సంగతి క్లుప్తంగా చెబుతాను. వెలుతురు తగ్గితే మూసుకుని, పెరిగితే తెరుచుకునే తలుపు అది. మే నెలలో అల్పపీడనం పట్టి మధ్యాహ్నం మూడింటికే కారుమబ్బులు కమ్మితే, కోళ్లు బయట ఉండగానే మూసుకుపోయింది. మరో రోజు తెల్లవారుజామున పాలవాడి మోటారుసైకిలు వెలుగు పడి తెరుచుకుంటే, పిల్లి రెండు కోడిపిల్లలను ఎత్తుకుపోయింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వలేని సంగతి ఒకటి ఉంది. ఒక సాయంత్రం పెరట్లోకి వెళ్లేసరికి, తడి నేల మీద చెప్పుల్లేకుండా కూర్చుని మనవడు ఏదో బిగిస్తున్నాడు. ప్లగ్గు లేకుండా, సాకెట్టు రంధ్రాల్లో రెండు వట్టి తీగలను దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చి, 230 వోల్టుల కరెంటు తీసుకుంటున్నాడు. మెయిన్ ఆపి వచ్చేదాకా నా కాళ్లు వణికాయి. ఈ పుల్లల విద్య ఎక్కడ నేర్చావని గద్దిస్తే, “నువ్వే కదా తాతయ్యా, సంక్రాంతికి సీరియల్ లైట్లు అలాగే పెట్టావు” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఫ్యూజూ, కరెంటు మితిమీరితే దానంతట అదే పడిపోయే ఎంసీబీ స్విచ్చూ ఇంటి వైరింగును కాపాడతాయి, షాకు తగిలిన మనిషిని కాదు. ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్లో తిరిగి వచ్చినదానికీ మధ్య తేడాను గమనించి, అది 30 మిల్లీఆంపియర్లకు చేరితే కనురెప్పపాటులో సరఫరాను తెంపే ఆర్‌సీసీబీ అనే పరికరం వేరుగా ఉంటుంది. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పిన నా ఇంట్లోనే అది లేదు, మర్నాడు పెట్టించాను. పందుల కోసం చేల గట్ల మీద కరెంటు తీగలు కట్టడం, చేపల చెరువు నీటిలో నిలబడి, నీటికి గాలి అందించే ఏరియేటరు మోటారును తడమడం వంటి పనులతో పోయిన ప్రాణాల గురించి మీ పత్రికలోనే అడపాదడపా చదువుతుంటాము. అవి చేసినవారు చదువు లేనివారేమీ కాదు. చిన్నప్పుడు ఎవరూ పక్కన కూర్చుని చూపించలేదు, అంతే.

పిల్లవాడి చేతిలోని స్క్రూడ్రైవరు లాక్కోవాలని మా అబ్బాయి వాదన. నేను ఒప్పుకోలేదు. చీర నేతకు ముందు నూలును చేత్తో వేలసార్లు చుట్టే ఆసు పోయలేక తల్లి పడుతున్న చేతుల నొప్పిని చూసి యంత్రం తలపెట్టిన చింతకింది మల్లేశంగారు 1992లో మొదలుపెడితే 1999కి గానీ అది పూర్తిగా పనిచేయలేదు. పద్మశ్రీ వచ్చినది 2017లో. ఆ ఏడేళ్ల పనిని వదిలేసి పురస్కారాన్ని మాత్రమే రాసే అలవాటు వల్లనే, మొదటిసారి చెడగానే సిగ్గుపడి మానేసే పిల్లలూ, సైన్స్ ఫెయిరుకు బజారులో తయారు నమూనా కొనిచ్చే తల్లిదండ్రులూ పెరుగుతున్నారని నా అభిప్రాయం. కనుక మీ విలేకరులకు నా విన్నపం: పిల్లల యంత్రాల గురించి రాసేటప్పుడు అది ఎన్నిసార్లు, ఎందుకు చెడిందో కూడా దయచేసి అడిగి రాయించండి.

మరొక విన్నపం విద్యాశాఖవారికి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద, 6 నుంచి 12వ తరగతి వరకు పిల్లల కోసం బడికి 20 లక్షల రూపాయల వరకు ఇచ్చి టింకరింగ్ ల్యాబులు (పిల్లలు తమ చేతులతో యంత్రాలు చేసి చూసుకునే గదులు) పెట్టించారు. మా మనవడు చదివే బడిలోనూ ఒకటి ఉంది. తక్కువ వోల్టేజీ సరఫరాలు, సెన్సార్లు, త్రీడీ ప్రింటరు అన్నీ ఉన్నాయి. సామాను పోతుందేమోనన్న భయంతో బడి రోజుల్లోనే అది తెరిచేది తక్కువ; పిల్లలకు తీరిక దొరికే వేసవి సెలవుల్లో దానికి తాళం. అక్కడ 5 వోల్టులతో చేయవలసిన ప్రయోగం మా పెరట్లో 230 వోల్టులతో జరిగింది అందుకే. సెలవుల్లో వారానికి రెండు రోజులు, పూటకు మూడు గంటలు తెరిచినా చాలు. నేర్పడానికి పట్నంనుంచి నిపుణులు రానక్కర్లేదు. ఆక్వా చెరువుల పుణ్యమా అని డెల్టాలో మోటారు వైండింగ్ దుకాణాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. కాలిన మోటారును వాసన చూసి తప్పు ఎక్కడుందో చెప్పగలవారు అక్కడ కూర్చుని ఉన్నారు.

మా ఊరి వైండింగ్ మేస్త్రీని నేను ఇప్పటికే అడిగాను. కూలి వద్దన్నాడు, పాత మోటార్లు రెండు తానే తెస్తానన్నాడు. భద్రత పాఠాలు నేను చెబుతాను, అగ్గిపుల్లల సంగతితోనే మొదలుపెడతాను. ఇక కావలసినది ల్యాబు తాళంచెవి. అది ఎవరి బీరువాలో ఉందో ఊళ్లో అందరికీ తెలుసు.

ఇట్లు,
ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా