తువ్వాలు వాసన సంగతి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వడిగింది ఒక్కటే మాట. "ఉతికి ఆరేసిన తువ్వాలు కూడా కాస్త తడవగానే ముక్కిన వాసనేస్తోంది, ఎందుకు నాన్నా?" నేను గొంతు సవరించుకునేలోపు నీకు మీటింగ్ టైమైపోయింది. అందుకే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే సగం విని "సరే సరే" అనేస్తావు. రాసి పంపితే మిషన్ పక్కన నిలబడి చదువుకోవచ్చు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. ముందు తలుపుండే ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్, నాబ్ చుట్టూ 16 ప్రోగ్రాంల పేర్లు. నాబ్ మీది గీత మాత్రం 'క్విక్ 15' దగ్గర ఉంది. డ్రమ్ములో బట్టలు డోరు దాకా కుక్కి ఉన్నాయి. వాసన ఎందుకొస్తోందో నాకు ఆ ఫోటోలోనే సగం తెలిసిపోయింది. తప్పు పట్టడం లేదులే. మనింట్లో ఉతుకుడు పని నా చేతికొచ్చిన కొత్తలో నేనూ అంతే. బిగించడానికి వచ్చినతను మొదటి రోజు ఏ ప్రోగ్రాం పెట్టి చూపించాడో, ఆరేళ్ళపాటు అదే నడిపాను. మాన్యువల్ మాత్రం కవరు కూడా విప్పకుండా భద్రంగా దాచాను.

చేత్తో ఉతికేటప్పుడు మనం చేసేది ఏమిటి? సబ్బు పట్టిస్తాం, కావాలంటే వేడినీళ్ళు పోస్తాం, కాసేపు నానబెడతాం, రుద్దుతాం. మిషనూ అంతకు మించి ఏమీ చెయ్యదు. సబ్బు, వేడి, సమయం, కుదుపు. వీటిలో ఒకటి తగ్గితే మిగతా మూడింటిలో ఏదో ఒకటి పెరగాలి, లేకపోతే మురికి వదలదు. హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ రసాయన నిపుణుడు 1959లోనే దీన్ని నాలుగు ముక్కల వృత్తంగా గీసి చూపించాడు. నాబ్ మీద ఉన్న 16 పేర్లూ ఈ నాలుగింటి పాళ్ళు మార్చి కలిపినవే. ఏ పేరు చూసినా, ఇది దేన్ని తగ్గించి దేన్ని పెంచింది అని అడుగు. మిషన్ మారినా, పేర్లు మారినా ఆ ప్రశ్న పనికొస్తుంది.

నీ క్విక్ 15 సంగతే తీసుకో. అది సమయాన్ని కోసేసింది. నీళ్ళు పట్టడం, ఉతకడం, జాడించడం, పిండడం, అన్నీ ఆ 15 నిమిషాల్లోనే. నీళ్ళు బాగా వేడెక్కే వ్యవధి ఉండదు. జాడింపులు కూడా తగ్గిస్తారు. ఒకసారి తొడిగి విప్పిన చొక్కాలు, రెండు కుర్తీలు, అలాంటి ఒకటి రెండు కిలోల బట్టలకైతే అది చక్కగా సరిపోతుంది. వారం రోజులు ఒళ్ళు తుడుచుకున్న తువ్వాళ్ళు వేస్తే మాత్రం పైపైన తడిసి బయటికొస్తాయి. ఒంటి జిడ్డు దారాల్లోనే ఉండిపోతుంది, సరిగ్గా జాడించని సబ్బు దాని మీద పేరుకుంటుంది. ఆ జిడ్డూ సబ్బూ తిని బతికే బాక్టీరియా, బట్ట మళ్ళీ తడవగానే లేచి కూర్చుంటుంది. నీ ముక్కుకు తగులుతున్నది అదే.

ఇక డ్రమ్ము. ఫ్రంట్ లోడ్‌లో బట్టలు నీళ్ళలో మునిగి ఈదవు. డ్రమ్ము తిరుగుతుంటే లోపలి పక్కలు బట్టల్ని పైకి ఎత్తి కిందికి పడేస్తాయి. ఆ పడటమే మనం రుద్దే రుద్దుడుకు సమానం. తలుపుదాకా కుక్కితే పడటానికి చోటేదీ? బట్టలన్నీ ఒకే ముద్దగా గిరగిరా తిరిగి వచ్చేస్తాయి. బట్టలు వేశాక పైన నీ అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. మిషన్ మీద 7 కిలోలు, 8 కిలోలు అని రాసేది కాటన్ ప్రోగ్రాంకి, అదీ పొడి బట్టల బరువు. సింథటిక్స్‌కి దాంట్లో సగం, ఉన్నికి ఇంకా తక్కువ.

సబ్బు విషయంలో నువ్వు అమ్మ పోలిక. నురగ రాకపోతే ఉతికినట్టే అనిపించదు మీ ఇద్దరికీ. నిజానికి నురగ ఎక్కువైతే అది డ్రమ్ములో పరుపులా తయారై, బట్టలు పడే దెబ్బను మింగేస్తుంది. పైగా ఆ నురగ పోయేదాకా మిషన్ అదనంగా జాడించుకుంటుంది. ఫ్రంట్ లోడ్ కోసం విడిగా అమ్మే తక్కువ నురగ లిక్విడో పొడో వాడు. డబ్బా మీద లోడుకు ఎంత రాశాడో అంతే పొయ్యి, మూత నిండా కాదు. జాడింపు అయిపోయే వేళకు కూడా అద్దంలోంచి నురగ కనిపిస్తోందంటే ఎక్కువ పోసినట్టే.

సబ్బు అర తెరిస్తే మూడు గళ్ళుంటాయి. రెండు గీతలున్న గడి అసలు ఉతుకుకి. ఒక గీత గడి ప్రీవాష్‌కి, అంటే బాగా బురద పట్టిన బట్టల్ని ముందు ఒకసారి ఉతికి ఆ నీళ్ళు పారబోసే పనికి. ప్రీవాష్ ఎంచుకోకుండా అందులో పోస్తే సబ్బు అక్కడే ఉండిపోవచ్చు. పువ్వు బొమ్మ ఉన్నది సాఫ్టెనర్‌ది. దాంట్లో గీత దాటి పోశావంటే ముందే కిందికి జారిపోతుంది, చివరి జాడింపు దాకా ఆగదు. అసలు తువ్వాళ్ళకి సాఫ్టెనర్ వద్దు. అది దారం మీద సన్నటి జిడ్డు పొర వేసి మెత్తదనం ఇస్తుంది. మెత్తగా ఉంటుంది గానీ నీళ్ళు పీల్చదు. ఆటల దుస్తులకీ అంతే, చెమట పీల్చే గుణం పోతుంది.

వేడి గురించి నాకు చాలాకాలం దురభిప్రాయం ఉండేది, ఎంత వేడైతే అంత శుభ్రం అని. ఇప్పటి డిటర్జెంట్లలో ఎంజైములు ఉంటాయి. ఒకటి ప్రోటీన్‌ని తునకలు చేస్తుంది, ఒకటి పిండి పదార్థాన్ని, ఇంకొకటి కొవ్వుని. ఇవి గోరువెచ్చటి నీళ్ళలో హాయిగా పనిచేస్తాయి. మరీ చల్లటి నీళ్ళలో మందగిస్తాయి, మరీ వేడెక్కితే చెడిపోతాయి. అందుకే రోజువారీ బట్టలకి 30, 40 డిగ్రీలు చాలు. రక్తం మరక ఉన్న బట్టని మాత్రం మొదట చల్లటి నీళ్ళలోనే నానబెట్టు. వేడి తగిలితే ఆ ప్రోటీన్ గట్టిపడి దారానికి పట్టేస్తుంది, తర్వాత ఎంత గుంజినా పోదు.

తువ్వాళ్ళు, దుప్పట్లు, దిండు గలేబులు వేరు. వాటిని 'కాటన్'లో 60 డిగ్రీల మీద పెట్టు. దుమ్ము పురుగులు కూడా ఆ వేడికి బతకవు. రంగు వదిలే బట్టలు వాటితో కలపకు. నీ తువ్వాళ్ళు రెండు మూడుసార్లు అలా ఉతికితే, సాఫ్టెనర్ లేకుండా, ఇంకోసారి జాడించే 'ఎక్స్‌ట్రా రిన్స్' నొక్కి, వాసన దారికొస్తుంది.

'ఎకో' చూసి నువ్వు కంగారుపడి ఉంటావు. మూడు గంటలు చూపిస్తుంది, పేరేమో పొదుపు! మిషన్‌కి అయ్యే కరెంటులో పెద్ద భాగం డ్రమ్ము తిప్పడానికి కాదు, నీళ్ళు వేడి చెయ్యడానికి పోతుంది. ఎకో ఆ వేడిని తగ్గించి, దానికి బదులు సమయం పెంచింది. ఆదివారం ఇంట్లో ఉండే రోజు అది పెట్టుకో. ఎలాగూ నువ్వు పది దాకా లేవవు.

'సింథటిక్స్'లో వేడీ తగ్గుతుంది, పిండుడూ తగ్గుతుంది. పాలిస్టర్ వేడిగా ఉన్నప్పుడు మడత పడితే ఆ మడత అలాగే నిలిచిపోతుంది, అందుకని. 'డెలికేట్'లో నీళ్ళు ఎక్కువ పట్టుకుంటుంది. బట్ట తేలుతూ ఉంటే ఎత్తునుంచి పడే దెబ్బ తగలదు కదా.

ఇక ఉన్ని. ఇక్కడ నా పరువు సంగతి ఉంది. అమ్మ ఎంతో ఇష్టంగా అల్లుకున్న స్వెటర్ని నేను దుప్పట్లతో పాటు 60 డిగ్రీల్లో వేశాను. గంటన్నర తర్వాత డోరు తెరిస్తే అది నీ చిన్నప్పటి ఎలుగుబంటి బొమ్మకు సరిపోయేలా ఉంది. సాగదీశాను, తడిపి బరువులు పెట్టాను, లాభం లేదు. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయట. తడి, వేడి, కుదుపు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ముడిపడతాయి, మళ్ళీ విడవవు. అందుకే 'వూల్' ప్రోగ్రాంలో డ్రమ్ము ఎక్కువసేపు ఊరికే ఉండి, మధ్యమధ్యలో ఉయ్యాల ఊపినట్టు ఊగుతుంది. పాడైపోయిందేమోనని ఆపెయ్యకు. ఆ స్వెటర్ని అమ్మ ఇంకా బీరువాలో దాచింది. నాతో వాదన ఓడిపోయేలా ఉన్నప్పుడల్లా బయటికి తీస్తుంది.

స్పిన్, అంటే పిండుడు, దాని అంకె కూడా విడిగా మార్చుకోవచ్చు. 400, 800, 1200 అని ఉండేవి నిమిషానికి డ్రమ్ము ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క. తువ్వాళ్ళకి 1200 పెట్టు, త్వరగా ఆరతాయి. ఆఫీసు చొక్కాలకి 800 దాటకు, ఇస్త్రీ చేసేది నువ్వే. ఒక్క మందపాటి దుప్పటి మాత్రమే వేస్తే అది తడిసి ఒక పక్కకి ముద్ద కడుతుంది. మిషన్ నాలుగైదుసార్లు సర్దడానికి చూసి, కుదరకపోతే పిండకుండానే వదిలేస్తుంది. నీళ్ళోడుతున్న దుప్పటి చూసి తిట్టుకోకు, తోడుగా రెండు తువ్వాళ్ళు వేసి 'స్పిన్' ఒక్కటే మళ్ళీ నడుపు.

మిషన్ చూపించే టైమ్‌ని రైలు టైమ్‌లా నమ్మకు. మొదట బట్టల బరువు చూసుకుని ఆ లెక్క మార్చుకుంటుంది. నురగ ఎక్కువైనా, లోడు ఒక పక్కకి ఒరిగినా '1 నిమిషం' దగ్గర పది నిమిషాలు కూర్చుంటుంది. పని అయ్యాక కూడా డోరు తాళం వీడటానికి కాసేపు పడుతుంది, లాగకు. పిల్లలు నొక్కినా బటన్లు పనిచెయ్యకుండా చేసే చైల్డ్ లాక్ గురించి తప్పక చెప్పాలి. ఒకసారి మన మిషన్‌లో ఏ బటనూ పనిచెయ్యలేదు. రెండు రోజులు చేత్తో ఉతికాక మెకానిక్‌ని పిలిచాను. అతను వచ్చి ఒక బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. నీ మిషన్‌లో ఆ తాళం బొమ్మ ఏ బటన్ దగ్గరుందో ఇప్పుడే చూసి పెట్టుకో.

ఉతుకు ఆలస్యంగా మొదలయ్యేలా పెట్టే డిలే స్టార్ట్ మంచిదే, కానీ ఉతికిన బట్టలు రాత్రంతా మూసిన డ్రమ్ములో ఉండిపోయేలా పెట్టకు. నీ తువ్వాళ్ళ వాసనకి అదీ ఒక కారణమేనని నా అనుమానం.

కొత్త బట్ట కొన్నప్పుడు లోపలి చీటీ చూడు. తొట్టి బొమ్మలో ఉన్న అంకె, దాటకూడని వేడి. అంకె బదులు చుక్కలుంటే ఒకటి 30, రెండు 40. తొట్టి కింద ఒక గీత ఉంటే మెల్లగా ఉతకమని, రెండుంటే మరీ మెల్లగా. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే. తొట్టి మీద కొట్టివేత గుర్తుంటే ఆ బట్టని మిషన్‌లోనే కాదు, చేత్తో కూడా నీళ్ళలో ఉతకకు.

ఇప్పుడు మిషన్‌కి స్నానం. అన్నీ చల్లటి నీళ్ళతోనే ఉతికావు కాబట్టి డ్రమ్ము వెనక జిగురు పేరుకుని ఉంటుంది. 'టబ్ క్లీన్' ఉంటే బట్టలు లేకుండా అది నడుపు, లేకపోతే కాటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ వేడి. నెలకోసారి చాలు. శుభ్రం చేసే మందు ఏదైనా ఒక్కటే వాడు. బ్లీచ్‌లో వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ కలిపావంటే విషవాయువు వస్తుంది, ఇది మాత్రం సరదాకి అనడం లేదు. ప్రతిసారీ డోరు రబ్బరు మడతలో వేలు పెట్టి గుడ్డతో తుడువు. డోరూ, సబ్బు అరా ఓరగా తెరిచి ఉంచు.

చివరిది ఫిల్టర్. మిషన్ ముందు, కింద మూలన చిన్న తలుపు ఉంటుంది చూడు. ప్లగ్గు పీకి, లోపల వేడినీళ్ళు లేవని చూసుకుని, కింద ఒక పళ్ళెం, పాత తువ్వాలు పరిచి మూతని మెల్లగా తిప్పాలి. తలపిన్నులు, నాణేలు, జుట్టు, ఎవరిదో తెలియని ఒక సాక్సు, ఏవైనా రావచ్చు. నేను మొదటిసారి మూత ఒక్కసారిగా తిప్పేసి హాలు దాకా చెరువు చేశాను. అందుకని ఆ పని శనివారం దాకా ఆపు, నేను వీడియో కాల్‌లో ఉన్నప్పుడు చేద్దాం. ఈలోపు తువ్వాళ్ళు మాత్రం 60లో వెయ్యి, అన్నీ ఒకేసారి కాదు.

మీ నాన్న