గాల్‌బ్లాడర్ స్కానింగ్ నేర్పిన పెద్దలకు మా కృతజ్ఞతలు

కాకినాడలోనూ రాజమండ్రిలోనూ ఉంటూ, తమ ఆసుపత్రి పని ముగిశాక మేం పంపిన స్కానింగ్ వీడియోలను ఓపిగ్గా చూసి దిద్దిపెట్టిన సీనియర్ రేడియాలజిస్టులకు నమస్కారాలు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు చిన్న ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ చేసే డాక్టర్లందరి తరఫున ఇది రాస్తున్నాం. మీరు పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. నేర్పినది మాత్రం రాస్తాం. ఇదే పనిలో ఉన్న మరొకరికి అక్కరకొస్తుంది.

రోగిని కదిలించకుండా రిపోర్టు రాయొద్దన్నది మీ మొదటి మాట. వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే పైత్యరసం నిల్వ ఉండే సంచి (గాల్‌బ్లాడర్) అడుగూ నడిమి భాగమూ బాగానే కనబడతాయి, సంచి మెడలో ఇరుక్కున్న రాయి తప్పించుకుంటుంది. ఎడమ పక్కకు తిప్పి, గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమనాలి. అప్పటికీ అందకపోతే పక్కటెముకల సందులోంచి చూడాలి. తిప్పితే జారే తెల్లటి చుక్క, దాని వెనక నల్లటి నీడ ఉంటే రాయి. నీడ లేకుండా మెల్లగా కిందికి చేరేది స్లడ్జ్, అంటే చిక్కబడ్డ పైత్యరసపు మడ్డి. గోడకు అంటుకుని కదలనిది, నీడ లేనిది పాలిప్, అంటే గోడ మీద పెరిగిన చిన్న కండ. పాలిప్ 10 మి.మీ. ఉన్నా, అంతకు మించినా సర్జన్ దగ్గరికి పంపాల్సిందే. మెడలో బిగుసుకున్న రాయి కూడా కదలదు కాబట్టి అక్కడ నీడనే నమ్మాలి.

2, 3 మి.మీ. రాళ్లకు నీడ పడకపోవడానికి చాలాసార్లు మెషిన్ సెట్టింగులే కారణం. ఫోకస్‌ను రాయి ఉన్న లోతుకు తెచ్చి, గెయిన్ (బొమ్మ వెలుగు పెంచే సెట్టింగు) తగ్గించి, సన్నటి మనిషైతే ఫ్రీక్వెన్సీ పెంచి చూడాలి. కాంపౌండ్ ఇమేజింగ్ ఆపేయాలి. అందులో తరంగాలు పలు కోణాల నుంచి వెళ్తాయి గనక నీడ పలచబడుతుంది. ఈ ఒక్క సలహాతోనే మా పాత మెషిన్ల పనితనం మెరుగైంది.

సంచి రాళ్లతో నిండి ముడుచుకుపోతే లోపల పైత్యరసం కనబడదు. గోడ గీత, దాని కింద రాళ్ల గీత, ఆ వెనక నీడ, అంతే. పక్కనే డుయోడినంలో (చిన్నపేగు మొదటి భాగంలో) గాలి ఉంటుంది కాబట్టి రెండూ కలగాపులగం అవుతాయి. గాలి నీడ మసగ్గా ఉండి పేగు కదిలినప్పుడల్లా మారుతుంది. రాళ్ల నీడ నల్లగా, తీరైన అంచుతో ఉంటుంది.

గోడ మందం విషయంలో మీకు ఎక్కువ రుణపడి ఉన్నాం. పరగడుపున, కాలేయం వైపున్న ముందు గోడను, తరంగం దానికి లంబంగా తగిలేలా ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కానింగ్ పరికరం) పెట్టి కొలవాలి. 3 మి.మీ. దాటితే మందమైనట్టే. అయినా వెంటనే కొలిసిస్టైటిస్ (సంచి వాపు) అని రాసేయకూడదు. వానలు పడ్డాక మా డెల్టాలో డెంగ్యూ జ్వరాలు వస్తాయి. అందులో రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారి గోడ పొరలుపొరలుగా ఉబ్బుతుంది, చుట్టూ నీరు కూడా చేరుతుంది. హెపటైటిస్, సిర్రోసిస్, గుండె వైఫల్యం, రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడం, వీటిలోనూ గోడ ఉబ్బుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి తప్పు పేరు రాసిస్తే అనవసరంగా ఆపరేషన్ మాట వస్తుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. సంచిలో రాయి ఉండి, సరిగ్గా సంచి మీద ప్రోబ్ నొక్కినప్పుడే నొప్పి ఎక్కువైతే కొలిసిస్టైటిస్ అనుమానం గట్టిపడుతుంది. సంచి అడ్డంగా 4 సెం.మీ. దాటి ఉబ్బి ఉంటే ఇంకా గట్టిపడుతుంది. నొప్పి ఇంజెక్షన్ చేశాకా, షుగర్ రోగుల్లోనూ, గోడ కుళ్లినప్పుడూ ఆ నొప్పి తెలియకపోవచ్చు. అప్పుడు గోడలో గాలి చుక్కలు గానీ, తెగిన గోడ గానీ ఉందేమో వెతకాలి. గోడ ఒకవైపే ఎగుడుదిగుడుగా మందమై, కాలేయంతో అంచు చెరిగిపోయి ఉంటే ఆలస్యం లేకుండా సీటీకి పంపాలి.

పైత్యనాళం సాధారణంగా 6 మి.మీ. లోపే ఉంటుంది. 60 ఏళ్లు దాటిన వాళ్లలోనూ, సంచి తీసేసిన వాళ్లలోనూ కాస్త వెడల్పు కావచ్చు. కింది చివర గాలి చాటున దాగితే "కనబడలేదు" అని నిజాయితీగా రాయండి, "నార్మల్" అనొద్దు అన్నారు. కామెర్లు ఉంటే ఎంఆర్‌సీపీ (పైత్యనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) చేయించమని సర్జన్‌కు తెలిసేది ఆ ఒక్క వాక్యంతోనే. నాళంలో జంటగీతల గొట్టంలా, నీడ లేకుండా, ఒక్కోసారి మెలికలు తిరుగుతూ ఏలికపాము కూడా కనబడుతుంది.

టైఫాయిడ్‌కు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించిన పిల్లల్లో రాళ్లు కనిపిస్తే కంగారు పడొద్దని చెప్పినందుకు ఆ తల్లుల తరఫున కూడా ధన్యవాదాలు. ఆ మందు కాల్షియంతో కలిసి సంచిలో పేరుకుంటుంది. మందు ఆపాక చాలామందిలో వాటంతట అవే పోతాయి. స్కానింగ్‌కు ముందే ఏ మందులు పడ్డాయో అడగడం ఇప్పుడు మాకు అలవాటైంది.

మా సిస్టర్లకూ, ఊళ్లలోని ఆశా కార్యకర్తలకూ మరో దండం. 6 నుంచి 8 గంటలు పరగడుపున ఉండాలనీ, మంచినీళ్లు తాగొచ్చుననీ, పంటు (ఏరు దాటించే పడవ) దిగాక పాల కాఫీ మాత్రం తాగకూడదనీ ఇంటింటా చెబుతున్నారు. పాలలో కొవ్వు పడితే సంచి ముడుచుకుని, గోడ ఉత్తినే మందంగా కనిపిస్తుంది.

సార్, మేడమ్, ఇకముందు పంపే వీడియోలు మీరు అడిగినట్టే వెల్లకిలా ఒకటి, ఎడమ పక్కకు ఒకటి, రోగి పేరు తీసేసి పంపుతాం. మీ సమయానికి మరోసారి కృతజ్ఞతలు.