పుస్తకాల మీద పుస్తకాలు దండగ కాదు

సంపాదకులు గారికి,
నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో గ్రంథాలయాలకు కొత్త పుస్తకాలు కొనడం గురించి వార్త వచ్చింది. అందులో ఒక అధికారి అన్న మాట అప్పట్నుంచీ నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. పోటీ పరీక్షలకు పనికొచ్చేవే కొంటామనీ, పుస్తకాల గురించి రాసిన పుస్తకాలకూ పుస్తకాల షాపుల కథలకూ నిధులు దండగ చేయలేమనీ ఆయన సెలవిచ్చారు. మీ విలేకరి ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి ఊరుకున్నారు. ఎదురు ప్రశ్న ఒక్కటీ వేయలేదు. ఇంకే ఊళ్లోనో అని ఉంటే నేనూ పేజీ తిప్పేసేదాన్ని. బెజవాడలో అన్నారు.

గ్రూప్స్ రాసే పిల్లలకు పుస్తకాలు కొనవద్దని నేననను. పొద్దున్నే నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి రాత్రి లైట్లు తీసేదాకా గ్రంథాలయం బల్లల దగ్గర కూర్చునేవాళ్లలో నేను చదువు చెప్పిన పిల్లలూ ఉన్నారు. వాళ్లకు కావలసినవి కొనాల్సిందే. కానీ ఆ పిల్లలకు ఉద్యోగం వచ్చాక కూడా చేతిలో ఒక పుస్తకం ఉండాలి కదా! పరీక్ష అయిపోగానే చదువు అయిపోయినట్టేనని గ్రంథాలయమే చెబితే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

దండగ అంటున్న ఆ పుస్తకాల్లో ఏముంటుందో ఒకటి చెబుతాను. హెలీన్ హాన్ఫ్ అనే ఆవిడ న్యూయార్కులో ఉండేది. చేతిలో డబ్బు అంతంతమాత్రం, పుస్తకాల పిచ్చి మాత్రం నిండా. 1949లో పత్రికలో ప్రకటన చూసి లండన్‌లో మార్క్స్ అండ్ కో అనే పాత పుస్తకాల షాపుకు ఉత్తరం రాసింది, నాకు ఫలానావి కావాలి, ఖరీదు మరీ ఎక్కువైతే వద్దు అని. అక్కడ పనిచేసే ఫ్రాంక్ డోయెల్ అనే ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. ఆ ఉత్తరాలు దాదాపు ఇరవై ఏళ్లు నడిచాయి. యుద్ధం ముగిసినా ఇంగ్లండులో అప్పటికింకా రేషన్ పోలేదు. ఆ సంగతి తెలిసి ఆవిడ ఆ షాపు సిబ్బందికంతా గుడ్లూ మాంసమూ పార్సిల్లో పంపించింది. ఇద్దరూ ఒకరినొకరు కళ్లారా చూసుకోకుండానే 1968 చివర్లో ఆయన పోయాడు. 1970లో ఆ ఉత్తరాలే '84, చేరింగ్ క్రాస్ రోడ్' అనే చిన్న పుస్తకం అయ్యాయి.

అందులో కథ అంటూ ఏమీ లేదు. బిల్లులు, రేట్లు, ఆలస్యమైందని క్షమాపణలు, మంచి ప్రతి చేతికందితే పట్టలేని సంబరం. కానీ ఒక్కసారి మొదలుపెడితే పక్కన పెట్టలేం. ఆవిడ అడిగిన పుస్తకాలన్నీ మనకూ కావాలనిపిస్తాయి. పాత పుస్తకంలో ముందటివాళ్లు రాసుకున్న రాతలంటే ఆవిడకు ప్రాణం. ఆ వాక్యం దగ్గర నేను ఆగి, లేచి వెళ్లి బీరువాలోంచి లెనిన్ సెంటర్లో కొన్న ఒక పాత నవల తీశాను. లోపలి అట్ట మీద నీలం సిరాతో 'వదినకు, శ్రీరామనవమి నాడు' అని ఉంది. లోపల ఒకచోట, భర్త ఇల్లు వదిలిపొమ్మనే ఘట్టం పక్కన, పెన్సిల్‌తో 'అన్యాయం' అని ఒకే ఒక్క మాట. రాసింది వదినో మరదలో! ఎన్నోసార్లు చూసిన రాతే. కానీ దాన్ని చదవాల్సిన రాతగా చూడడం నాకు ఆ పుస్తకమే నేర్పింది. పుస్తకాల గురించి రాసిన పుస్తకం చేసే మేలు అది. ఇంట్లో ఉన్నవాటినే మళ్లీ తీయిస్తుంది.

షాన్ బైథెల్ అని స్కాట్లండులో పాత పుస్తకాల వ్యాపారి. విగ్‌టౌన్ అనే ఊరు. జనాభా వెయ్యి మంది దాకా ఉంటుందేమో, దానికి ఆ దేశపు పుస్తకాల పట్టణమని పేరు. తన షాపు డైరీని ఆయన 2017లో అచ్చువేశాడు. రోజూ చివర్న ఎంతమంది కొన్నారో, గల్లాపెట్టెలో ఎంత పడిందో రాస్తాడు. బేరాలాడేవాళ్లు, ఊరికే తిరగేసి పోయేవాళ్లు, చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి పుస్తకాలు కొనుక్కురావడం, చలికాలంలో ఖాళీ షాపు, అన్నీ ఉంటాయి. చదువుతుంటే మన ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో కౌంటర్ల వెనకాల కూర్చునే పెద్దమనుషులే గుర్తొచ్చారు. పెనెలోపి ఫిట్జ్‌జెరాల్డ్ 1978లో రాసిన 'ది బుక్‌షాప్' ఇంకో రకం. చిన్న ఊళ్లో ఒక వితంతువు పుస్తకాల షాపు పెడితే, ఊళ్లో పలుకుబడి ఉన్న ఆవిడ మర్యాద చెడకుండానే, కాగితాల మీదే దాన్ని ఎలా మూయించిందో చదివి నేను రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అధికారులకు ఇంకేమీ కొనివ్వకపోయినా అదొక్కటి కొనివ్వాలి.

ఇదంతా ఇంగ్లీషువాళ్ల సరదా అంటారేమో. మాలతీ చందూర్ గారు స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికతో ఇంగ్లీషు నవలలను పరిచయం చేసినప్పుడు కాలేజీ మెట్లెక్కని ఆడవాళ్లు ఇళ్లలో వాటిని చదివి చర్చించుకున్నారు. అవి పుస్తకాల గురించిన రాతలు కావా? ఆ పత్రిక వచ్చేది ఈ ఊరి నుంచే.

ఇక అసలు సంగతి. అంత చిన్న విగ్‌టౌన్‌కే పుస్తకం ఉంటే, మన బెజవాడకు ఎన్ని ఉండాలి? 1914 ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయాలవాళ్లంతా సభ చేసుకున్నది ఇక్కడ. దాని వెనక తిరిగిన మనిషి అయ్యంకి వెంకటరమణయ్య గారు. తర్వాత ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట నిండా ప్రచురణకర్తలు. విశాలాంధ్ర, నవోదయ, ఇంకా ఎన్నో పేర్లు. తెలుగులోకి వచ్చిన సోవియట్ పుస్తకాలు ఆ అట్టలు, ఆ బొమ్మలు, ఆ చవక ధరలతో ఇక్కడి కౌంటర్ల మీదే దొరికేవి. విశాలాంధ్రవాళ్లు వ్యానులో ఊళ్లకు పుస్తకాలు తీసుకెళ్లి అమ్మేవారు. వీధివీధికీ అద్దె పుస్తకాల షాపులు. సీరియల్ నవల బైండు చేయించి పెడితే దాని కోసం వరసలో పేర్లు రాయించుకునేవాళ్లం.

కృష్ణ దాటితే ఇంకా గొప్ప కథ. పాతూరి నాగభూషణం గారు 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. అమెరికాలో క్రిస్టొఫర్ మార్లీ అనే ఆయన గుర్రబ్బండి మీద పుస్తకాలమ్మే కథను 1917లో నవలగా రాస్తే నూరేళ్లు దాటినా చదువుతున్నారు. అది కల్పన. మన పడవ నిజం. ఏ రేవులో ఎంతసేపు ఆగేదో, వానొస్తే పుస్తకాలు ఎలా కాపాడేవారో, ఏ పుస్తకం ఎక్కువ చేతులు మారేదో చెప్పే పుస్తకం ఉంటే నేను రాత్రికి రాత్రి చదివేస్తాను. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల మీద నిండుగా ఒక పుస్తకం ఇవ్వండని మొన్న ఆ వీధిలో అడిగితే ఎవరూ తీసి చూపించలేకపోయారు. షాపుల లోపల పెరిగినవాళ్లు, కట్టలు కట్టినవాళ్లు, ప్రూఫులు దిద్దినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

నిధులు లేవంటారు. రాష్ట్ర గ్రంథాలయ చట్టం 1960 నాటిది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కట్టించుకుంటున్నారు. కట్టడం ఆలస్యమైతే మనకు వడ్డీ వేస్తారు. వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు జమచేయకుండా బకాయి పెట్టాయని మీ పత్రికలోనే చదువుతుంటాం, దానికి మాత్రం వడ్డీ లేదు. తపాలా శాఖ 2024 డిసెంబరులో, పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును చెప్పాపెట్టకుండా ఎత్తేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ తెచ్చారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100. సంతోషమే. కానీ ఆ మధ్య నెలల్లో పుస్తకం ధర కంటే పంపే ఖర్చు ఎక్కువై విసిగిపోయిన చిన్న ప్రచురణకర్తల గోడు ఎవరు విన్నారు? పుస్తకానికి జీఎస్టీ లేదని చెబుతారు, కాగితం మీద వేసే పన్ను మాట ఎత్తరు.

పుస్తక మహోత్సవం సంగతీ అంతే. 1989లో మొదలైన ఆ పండుగకు జనవరి రాగానే కాళ్లు వాటంతటవే స్వరాజ్ మైదానం వైపు నడిచేవి. 2024 జనవరి నుంచి అక్కడ అంబేడ్కర్ గారి మహావిగ్రహం ఉంది. పుస్తకాలు పెట్టుకోవడానికే ముంబయి దాదర్‌లో రాజగృహ అనే ఇల్లు కట్టుకున్న మహానుభావుడాయన. ఆయన ఎదురుగా ఏడాది పొడుగునా నాలుగు పుస్తకాల షాపులకు తక్కువ అద్దెకు చోటిస్తే అంతకంటే సబబైన పని ఏముంటుంది? ఉత్సవానికి ఏటా చోటు వెతుక్కోవాల్సిన పరిస్థితి ఈ ఊరికి తలవంపు కాదా?

లండన్‌లో ఆ మార్క్స్ అండ్ కో షాపు పోయి చాలా కాలమైంది. అది ఉన్న చోట గోడకు ఇత్తడి ఫలకం పెట్టారు. మన నగరపాలక సంస్థ కూడా ఏలూరు రోడ్డులో మూతపడిన ప్రతి పాత పుస్తకాల షాపు దగ్గరా ఫలానా ప్రచురణ సంస్థ ఫలానా ఏడు నుంచి ఇక్కడ ఉండేది అని తెలుగులో ఒక ఫలకం పెట్టించాలి. ప్రతి శాఖా గ్రంథాలయంలో ఈ రకం పుస్తకాలకు ఒక్క అరైనా కేటాయించాలి. ఇక మీరు, ఆదివారం సంచికలో నెలకో పేజీ ఇచ్చి ఆ షాపుల యజమానులు, గుమాస్తాలు, బైండర్లు, పాత పుస్తకాలవాళ్లు చెప్పేది రాయించండి. అద్దె షాపుల రసీదులు, పాత కేటలాగులు నా దగ్గర ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మీ విలేకరిని పంపితే ఇస్తాను. పని అయ్యాక తిరిగి తెచ్చి ఇవ్వమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రిటైర్డు తెలుగు టీచరు,
సత్యనారాయణపురం, విజయవాడ