ఇన్‌స్టాల్ చేయగానే సర్వీసు దానంతటదే మొదలవ్వాలా?

సంపాదకులకు,

సాఫ్ట్‌వేర్‌ను సిస్టమ్‌లోకి ఎక్కించడం వేరు, దాన్ని నడపడం వేరు. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ తేడాను పట్టించుకోవు. సర్వర్ ప్యాకేజీ ఎక్కగానే చివర్లో నడిచే స్క్రిప్టు సర్వీసును (వెనక నిత్యం నడిచే ప్రోగ్రామును) స్టార్ట్ చేస్తుంది, రీబూట్ అయినా మళ్లీ లేచేలా ఎనేబుల్ కూడా చేస్తుంది. సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు మనం తెరిచేసరికే పోర్టు (నెట్‌వర్క్ నుంచి సర్వీసును చేరే ద్వారం) తెరుచుకుని ఉంటుంది. కొన్ని డేటాబేస్‌లు లోకల్‌హోస్ట్‌కే, అంటే ఆ మెషీన్‌కే, పరిమితమై వస్తాయి, మంచిదే. వెబ్ సర్వర్ అపాచీ, రిమోట్ లాగిన్‌కు వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం అన్ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల మీదా కనెక్షన్ల కోసం వింటాయి. ఆ స్టార్ట్ విఫలమైతే స్క్రిప్టు కూడా ఆగిపోయి, ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయిన స్థితిలో ఉండిపోవచ్చు. ఆపై ఆప్ట్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాలర్‌తో ఏం చేయబోయినా అదే ఎర్రర్.

లినక్స్‌లోనే ఫెడోరా, రెడ్ హ్యాట్‌ల పద్ధతి నయం. ప్రీసెట్ జాబితాలో (ముందే అనుమతించిన సర్వీసుల జాబితాలో) ఉన్నవి తప్ప మిగతావన్నీ ఆగే ఉంటాయి. కావాలంటే 'సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ' అని ఒక్క కమాండ్ ఇస్తే చాలు. కొత్తవాళ్లకు కష్టమనే వాదన నాకు రుచించదు. ఆ ఒక్క లైను కొట్టలేనివారు సర్వర్‌ను భద్రంగా ఎలా నడుపుతారు?

విండోస్‌లో దీని మూల్యం 2003 జనవరి 25న తెలిసొచ్చింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లోని లోపాన్ని వాడుకుని, యూడీపీ 1434 పోర్టు గుండా స్లామర్ వార్మ్ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రాము) నిమిషాల్లో ప్రపంచమంతా పాకింది. ఆ లోపానికి ప్యాచ్ (సరిదిద్దే అప్‌డేట్) 2002 జులైలోనే వచ్చింది. కానీ అదే లోపమున్న, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కే చిన్న రూపమైన ఎమ్‌ఎస్‌డీఈ అనే డేటాబేస్ ఇంజిన్ వేరే సాఫ్ట్‌వేర్ల వెంట వచ్చి చేరిన మెషీన్లు బోలెడు. అది తమ దగ్గర నడుస్తోందనే తెలియనివారు ప్యాచ్ ఎలా వేస్తారు?

డెబియన్ వాడేవారికి రెండు దారులున్నాయి. సర్వీసు పేరు ముందే తెలిస్తే, ఇన్‌స్టాల్‌కు ముందు దాన్ని 'సిస్టమ్‌సీటీఎల్ మాస్క్' చేయాలి (అస్సలు స్టార్ట్ కాకుండా కట్టేయాలి), కాన్ఫిగ్ సరిచూసుకున్నాక అన్‌మాస్క్ చేయాలి. ఒకే ప్యాకేజీ రెండు మూడు యూనిట్లు (సిస్టమ్ విడిగా నడిపే సర్వీసుల వంటివి) తెస్తే ఇది చాలదు. అప్పుడు /యూఎస్‌ఆర్/ఎస్‌బిన్‌లో 'పాలసీ-ఆర్‌సీ.డి' పేరుతో 'ఎగ్జిట్ 101' (స్టార్ట్ చేయొద్దనే జవాబు) అని రాసిన చిన్న షెల్ స్క్రిప్టు పెట్టి, ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వాలి. ఇది స్టార్ట్‌ను ఆపుతుందే తప్ప ఎనేబుల్‌ను ఆపదు, కాబట్టి రీబూట్‌కు ముందే డిసేబుల్ చేయాలి. తర్వాత 'ఎస్‌ఎస్ -టీయూఎల్‌పీఎన్' కొట్టి ఏ పోర్టులు వింటున్నాయో చూడాలి.

పనయ్యాక ఆ స్క్రిప్టును తీసేయాలి. లేకుంటే అప్‌గ్రేడ్ తర్వాత జరగాల్సిన రీస్టార్ట్ కూడా ఆగిపోతుంది. డిస్కులో కొత్త వెర్షన్ ఉన్నా, మెమరీలో లోపమున్న పాతదే నడుస్తుంటుంది. నడుస్తున్న సర్వీసును ప్యాచ్ పడ్డాక ఆపరేటింగ్ సిస్టమే రీస్టార్ట్ చేయాలి, అందులో పేచీ లేదు. నా అభ్యంతరమల్లా మొదటి స్టార్ట్ గురించే.

— ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్