బ్యారెల్ వద్దు మంత్రి గారూ, బట్ ప్లేట్ ఇప్పించండి

గౌరవనీయులైన క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఎయిర్ రైఫిల్ పరికరాల గ్రాంటు గురించి మీ కార్యాలయానికి ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు వచ్చింది. రెండోదానికి "పరిశీలనలో ఉంది" అని ఒక్క లైను వచ్చింది. మిగతా రెండింటికి అదీ లేదు. పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. మంజూరయ్యే వస్తువుల జాబితాలో బ్యారెల్, అంటే రైఫిల్ గొట్టం ఉంది, అల్యూమినియం స్టాక్, అంటే రైఫిల్‌ను పట్టుకునే చట్రం ఉంది, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉంది. మా పిల్లలకు కావలసినవి మాత్రం లేవు. "చిన్న విడిభాగాలు, ఖర్చయిపోయే వస్తువులు వర్తించవు" అన్న ఆ ఒక్క వాక్యం దగ్గరే మా దరఖాస్తు ప్రతిసారీ ఆగిపోతోంది.

నేను కోచ్‌ని. మా దగ్గర మూడు రైఫిళ్లు, పదకొండు మంది పిల్లలు. రైఫిళ్లు పాతవే కానీ పాడైపోయినవి కావు. ఎయిర్ రైఫిల్‌లో వెళ్లేది మెత్తటి సీసపు పెల్లెట్, దాని వేగం కూడా తక్కువే, అందుకే బాగా చూసుకుంటే బ్యారెల్ ఏళ్ల తరబడి వాడినా అరగదు. అరిగేవి వేరే ఉన్నాయి. మరలు, సీళ్లు, గురి చూసే సైట్ లోపలి చిన్న స్క్రూ, చెంప ఆనించే చీక్ పీస్, భుజానికి ఆనే బట్ ప్లేట్. మేం అడుగుతున్నది వీటినే.

మా దగ్గర పదమూడేళ్ల అమ్మాయి ఒకరు ఉంది. ఆమె వాడే రైఫిల్ చీక్ పీస్ మర గుండ్రంగా అరిగిపోయింది, ఎంత బిగించినా నిలవదు. అందుకని రోజూ వచ్చీ రాగానే సంచిలోంచి మూడు అట్టముక్కలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చీక్ పీస్ మీద పెట్టి టేపు చుట్టుకుంటుంది. గంట తర్వాత అదే రైఫిల్ ఇంకో అబ్బాయి తీసుకోవాలి. వాడి మెడ పొడవు, వాడికి ఐదు ముక్కలు కావాలి. టేపు విప్పడం, మళ్లీ చుట్టడం. ఏ ముక్క ఎవరిదో తెలియడానికి పెన్సిల్‌తో పేరు రాసుకున్నారు. ఇది చూసి మొదట్లో పిల్లల ఓపికకు మురిసిపోయేవాణ్ని, ఇప్పుడు కడుపు తరుక్కుపోతోంది.

అట్ట అట్టే కదా సార్, చెంప బరువుకు నలుగుతుంది. మ్యాచ్‌లో అరవై షాట్లు. ముప్పయ్యో షాట్‌కు వచ్చేసరికి ఆమె కన్ను సైట్ మధ్య గీత కంటే కిందకు దిగిపోతుంది. వెనక సైట్ రంధ్రంలోంచి చూస్తే ముందు సైట్ చుట్టూ వెలుగు సమానంగా కనపడాలి, కానీ పైన మందంగా, కింద సన్నగా కనపడుతుంది. సరిచేసుకోవడానికి మెడ లేపుతుంది. మెడ లేపితే మెడ కండరం బిగుసుకుంటుంది, భుజం కదులుతుంది. దానికి తోడు బట్ ప్లేట్ కూడా జారుతుంటే ప్రతి షాట్‌కూ రైఫిల్ కొత్త చోట ఆనుతుంది. మొన్నటి ప్రాక్టీసులో మొదటి పది షాట్లకు 102 పాయింట్లు దాటిన (షాట్‌కు పదికి పైన దశాంశాలు కూడా లెక్కిస్తారు) అమ్మాయి ఐదో పదికి 98 లోపే ఉండిపోయింది. ఆ తర్వాత బెంచీ మీద కూర్చుని "నాకే చేతకావట్లేదేమో సార్" అంది. చేతకాకపోవడం కాదమ్మా, అది అట్టముక్క అని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు.

పది మీటర్ల టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క 0.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. గురి పావు మిల్లీమీటరు పక్కకు జరిగితే 0.1 పాయింటు పోయినట్టే. షాట్‌కు 0.2 చొప్పున పోగొట్టుకుంటే అరవై షాట్లకు 12 పాయింట్లు. పిల్లల స్థాయిలో ఫైనల్‌కు వెళ్లడం, ఇంటికి వెళ్లడం మధ్య ఉండే తేడా చాలాసార్లు అంతకంటే తక్కువే.

రెండో రైఫిల్ వెనక సైట్ సంగతి ఇంకోలా ఉంది. దాన్ని సర్దే మరను కుడికి ఒక క్లిక్ తిప్పితే సైట్ కదలదు. రెండోదానికీ కదలదు. మూడోదానికి మూడూ కలిపి ఒకేసారి దూకుతుంది. పిల్లలు తిప్పడమే మానేసి, గురినే కొంచెం పక్కకు పెట్టి కాలుస్తున్నారు. ఈ అలవాటు ఒకసారి పడితే మాన్పించడానికి ఎన్ని నెలలు పడుతుందో ఏ కోచ్‌నైనా అడగండి.

పోయినసారి మాకు మంజూరైంది ఒక ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్. ఇచ్చినందుకు కృతజ్ఞతలే. కానీ అది మా మూడు రైఫిళ్లలో దేనికీ సరిపోయే మోడల్ కాదు, ఇప్పటికీ పెట్టెలోనే ఉంది. మా మెకానికల్ ట్రిగ్గర్లు బాగానే పనిచేస్తున్నాయి. వాటిని నొక్కడానికి పట్టే బరువు, నొక్కుడులోని దశ (స్టేజి), వేలికి దూరం సర్దడానికి ఒక అలెన్ కీ, కోచ్ పది నిమిషాల ఓపిక చాలు. అల్యూమినియం స్టాక్ కూడా అంతే, చూడటానికి గొప్పగా ఉంటుంది. కానీ నిబంధనల ప్రకారం ఎయిర్ రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదని ఉంది కదా అని ఆ హద్దు దాకా బరువు పెంచి పదమూడేళ్ల పిల్ల చేతిలో పెడితే, రైఫిల్‌ను చేతికి ఆనించే పట్టీ (స్లింగ్) కూడా లేని ఈ ఆటలో ఆ బరువంతా ఆమె నడుము మీదే పడుతుంది.

డబ్బు తక్కువ ఉన్నప్పుడు ముందు రైఫిల్‌ను మనిషికి సరిపెట్టాలి సార్. చీక్ పీస్, బట్ ప్లేట్. వాటి తర్వాత నమ్మదగ్గ వెనక సైట్, దానికో ఐరిస్, అంటే చూసే రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసుకునే బిళ్ల. ఆ తర్వాత పెల్లెట్లు. పెల్లెట్ల సంగతి ఒక్క మాట చెప్పనివ్వండి. 4.49, 4.50, 4.51 అని తల సైజులు ఉంటాయి, ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి నచ్చుతుంది. రైఫిల్‌ను బిగించి రకరకాలు కాల్చి చూసి, ఏ లాటు (ఒకే విడతలో తయారైనవి) పెల్లెట్లు ఒకే చోట దగ్గరగా పడుతున్నాయో ఆ లాటునే సీజన్‌కు సరిపడా ఒకేసారి కొనుక్కోవాలి. కొత్త బ్యారెల్ ఇవ్వగలిగినంత మేలు చాలాసార్లు ఆ డబ్బాల్లోనే దొరుకుతుంది. కానీ పెల్లెట్లు "ఖర్చయిపోయే వస్తువులు". కాబట్టి మాకు ఏ నెలకు ఆ నెల ఏది దొరికితే అదే. మొన్న ఒక లాటు, నేడు ఇంకోటి. ప్రతిసారీ సైట్ మళ్లీ సర్దుకోవడమే, ఆ సైట్ కూడా చెప్పాను కదా ఎలాంటిదో.

నిజానికి వీటన్నిటికంటే ముందు చెప్పాల్సింది సిలిండర్ గురించి, రాసే ఆవేశంలో వెనక పడింది. రైఫిల్‌కు బిగించే గాలి సిలిండర్ మీద తయారీ తేదీ కొట్టి ఉంటుంది. మా సిలిండర్లకు కంపెనీ ఇచ్చిన గడువు పదేళ్లు. గడువు దాటిన దాన్ని నింపకూడదు, అది 200 బార్ పీడనం, పిల్లల చేతుల్లో ఉండే వస్తువు. మ్యాచ్ దగ్గర పరికరాల తనిఖీలో తేదీ చూస్తే పక్కన పెట్టేస్తారు, చూడకపోయినా నేను నింపను. మూడో రైఫిల్ సిలిండర్ గడువు పోయిన నెలతో అయిపోయింది. రైఫిల్ బంగారంలా ఉంది, బీరువాలో ఉంది. రెండోదానికి ఇంకో నాలుగు నెలలే. మీ జాబితాలో బ్యారెల్ ఉంది కానీ, ఆ బ్యారెల్‌లోకి గాలి పంపే సిలిండర్ లేదు. ఇది ఎవరో కావాలని చేశారని నేను అనను. జాబితా రాసినప్పుడు రైఫిల్ పట్టుకునే మనిషిని ఒక్కరిని కూడా పక్కన కూర్చోబెట్టుకోలేదని మాత్రం అర్థమవుతోంది.

ఎక్కువ డబ్బు అడగడం లేదు మంత్రి గారూ. ఒక్క ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌కు పెట్టిన డబ్బునే మా చేతికిచ్చి, ఏది ముందు కొనాలో మమ్మల్ని నిర్ణయించుకోనివ్వండి. బిల్లులు ఇస్తాం, ప్రతి మరకూ లెక్క చెబుతాం. తనిఖీకి ఎవరినైనా పంపండి. వీలైతే మీరే రండి, ఆ అట్టముక్కలు చూపిస్తాను. కనీసం "చిన్న విడిభాగాలు వర్తించవు" అన్న ఆ ఒక్క వాక్యం తీయించండి. అది కూడా కుదరకపోతే సిలిండర్లయినా ఇప్పించండి సార్, దయచేసి. ఈ నాలుగు నెలల్లోపు ఏదో ఒకటి కాకపోతే పదకొండు మంది పిల్లలు ఒక్క రైఫిల్ కోసం వరసలో నిలబడాలి, ఆ రైఫిల్ అట్టముక్కలు చుట్టిందే.

ఇట్లు,
జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒక రైఫిల్ కోచ్